మేకలు తిన్న రెండు మడులు, నేను దాటేసిన పరీక్ష

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేనేం పని చేస్తానో మా అమ్మకి అర్థం కాలేదు. "మా సుగుణ కంప్యూటర్లకి మందులేస్తాది" అని చుట్టాలకి చెప్పేది. మొదట్లో కోపం వచ్చేది. కొన్నాళ్ళకి నేనే అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను. అంతకన్నా బాగా చెప్పడం నాకూ చేతకాలేదు మరి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని మెమోలు అందుకున్నాను అనేవి మీకు అక్కర్లేదు. నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవల్లా మంచు, కంప్యూటర్ గది కిటికీ, తెర మీద జారే అక్షరాలు, ఒక అమ్మాయి ముఖం. ఆ అమ్మాయి గురించి చెప్పడానికే మిగతాదంతా చెబుతున్నాను.

పని అంటే ఇదీ

ఒడిశాలో, కోరాపుట్ నుంచి రాయగడ వెళ్ళే ఘాట్ రోడ్డు మీద, లక్ష్మీపూర్ దాటాక, ఒక గుట్ట మీద ఉండేది మా వ్యవసాయ పరిశోధన కేంద్రం. పేరు రాయను. మా ముత్తాత ఎస్టేటు కచేరీలో గుమస్తా పని కోసం బొబ్బిలి నుంచి ఈ కొండలెక్కాడట. ఆయన కలం పట్టుకుని ఎక్కాడు, నేను కీబోర్డు పట్టుకుని ఇక్కడే ఉండిపోయాను.

మా శాస్త్రవేత్తలు ఊళ్ళమ్మట తిరిగి అంకెలు తెచ్చేవాళ్ళు. ఏ మడిలో ఎంత పండింది, ఎంత వాన పడింది, ఏ రకానికి తెగులు తగిలింది. ఆ అంకెల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌ని మా యూనిక్స్ కంప్యూటర్లలో, తర్వాతి రోజుల్లో లినక్స్ కంప్యూటర్లలో పెట్టడం నా పని. ఇప్పటిలా ఒక్క మాట టైప్ చేస్తే అన్నీ దిగిపోయే రోజులు కావవి. చాలా ప్రోగ్రాములు సోర్స్ కోడ్‌గా వచ్చేవి. మన యంత్రానికి సరిపడేట్టు మనమే వాటిని తయారు చేసుకోవాలి. ముందు యంత్రంలో ఏమున్నాయో ఏం లేవో చూసుకోవాలి. తర్వాత కంపైల్ చెయ్యాలి, అంటే ఆ కోడ్‌ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చాలి. తర్వాత పరీక్ష నడపాలి, అంటే జవాబు ముందే తెలిసిన లెక్కలు దానికిచ్చి, అదే జవాబు చెబుతుందో లేదో చూడాలి. అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యాలి.

కంపైల్ అవుతున్నంతసేపూ మనం చెయ్యగలిగిందేమీ లేదు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు కింద నుంచి పైకి పోతూనే ఉంటాయి. శ్రావణంలో మధ్యాహ్నం పూట కిటికీ తెరిస్తే మంచు గదిలోకి వచ్చేసేది. అది వచ్చి ప్రింటర్ మీద కాసేపు ఆగి, నా భుజం మీదుగా పోయేది. ఆ వరసల్ని చూస్తూ చూస్తూ నేను ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. ఒక్కోసారి అవి వరసలు కావు, నేను చిన్నప్పుడు ఎక్కిన రైలు పెట్టెలు. సొరంగంలోకి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి, ఎందులోనూ మనుషులు లేరు. ఉలిక్కిపడి చూసేసరికి పని అయిపోయి, కర్సర్ ఒక్కటే మిణుక్కుమంటూ ఉండేది. జీతమిచ్చి మరీ కలలు కననిచ్చిన ఉద్యోగం నాది. అబద్ధమెందుకు, ఆ గదిని నేను చాలా ప్రేమించాను.

మూర్తిగారు

నా మొదటి బాసు మూర్తిగారిది విజయనగరం. ఏ ప్రోగ్రామొచ్చినా దాంతో పాటు వచ్చే సూచనల కాగితాన్ని ముందు నాచేత పైకి చదివించేవారు, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. మధ్యలో ఒక్క వాక్యం మింగేశానో, "ఏటా సదువు? వెనక్కెళ్ళు" అనేవారు.

"ఇంగ్లీషు నాకొచ్చు సార్, లోపల సదువుకుంటాను" అన్నానొకసారి.

"లోపల సదివితే నీకు కావలసిందే కనపడతాదమ్మీ. పైకి సదువు. అక్కర్లేనిది కూడా సెవిలో పడాల."

పరీక్ష నడిపేటప్పుడు ఆయన కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చునేవారు. అది మూడు గంటలు పట్టినా అలాగే కూర్చునేవారు. చాదస్తం అని వెనకాల అందరూ నవ్వుకునేవాళ్ళం. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని. ఆయన రిటైరై వెళ్ళిపోయాక ఆ గది పూర్తిగా నాదయింది. పైకి చదవడం ఆ వారమే మానేశాను.

నా తొందర

తర్వాత హెడ్డుగా వచ్చిన దాస్ బాబు మంచివాడే. నేనిలా అంటే మీరు నమ్మరు గానీ, మంచివాడే. కాకపోతే ఆయనకి అన్నీ బేగి అయిపోవాలి. "సుగుణా, ఈ లెక్కకి రెండు చాయ్‌లు తాగాల్సి వస్తోంది, ఏదో ఒకటి చెయ్" అనేవాడు.

కొత్త విశ్లేషణ ప్రోగ్రాం వచ్చినప్పుడు ఏదో ఒకటి చేశాను. కంపైల్ చేసేటప్పుడు లెక్కలు వేగంగా జరిగేలా కొన్ని సూచనలివ్వొచ్చు. అందులో బాగా వేగమైన దానికి ఒక షరతుంది. వచ్చే అంకెల్లో ఖాళీలు ఉండవని మనం మాటివ్వాలి. మాటిచ్చాక, ఖాళీ ఉందా లేదా అని చూసుకునే పని ప్రోగ్రాం మానేస్తుంది, అందుకే ఆ వేగం. ఆ షరతు కాగితంలో స్పష్టంగా ఉంది. లోపల చదువుకున్నాను. ఆఁ, ఏముందిలే అనుకున్నాను.

పరీక్ష మొదలుపెట్టాను. గంటన్నరకి కరెంటు పోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో ముసలివైపోయాయి. మూడోసారి ఆ మెట్టు దాటేసి, నేరుగా ఇన్‌స్టాల్ చేసేశాను. రెండు చాయ్‌ల లెక్క నాలుగు గుక్కల్లో అయిపోయింది. దాస్ బాబు లడ్డూలు తెప్పించి, "సుగుణ చేతిలో జాదూ ఉంది" అని అందరికీ పంచిపెట్టాడు. నేను రెండు తిన్నాను.

హైమ

హైమ గుణుపురం అమ్మాయి. దాస్ బాబు దగ్గరే పీహెచ్‌డీ చేసేది. చోళ్ళ మీద, అంటే రాగుల మీద పరిశోధన. ఇక్కడ మాండియా అంటారు వాటిని. బొయిపరిగుడ వైపు ఒక ఊళ్ళో పన్నెండు నాటు రకాలు వేయించి, ఒక్కో రకానికి ఆరేసి మడుల చొప్పున గూటాలు పాతి, కోతల కాలమంతా ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. అందులో ఒకటి బుడీ మాండియా, అంటే ముసలమ్మ చోళ్ళు. ఆ రకమే అన్నింటికంటే బాగా పండిందని చేత్తో సగటు కట్టుకుని, తన మధ్యంతర నివేదికలో రాసింది.

తర్వాత అవే అంకెల్ని మా కొత్త ప్రోగ్రాంకి ఇచ్చింది. అది నేల వాలునీ, మట్టి తేడాలనీ లెక్కలోకి తీసుకుని రకాలకి వరస కడుతుంది. కట్టింది. బుడీ మాండియా పన్నెండో స్థానంలో వచ్చింది.

దాస్ బాబుకి తల కొట్టేసినట్టయింది. నివేదిక అప్పటికే భువనేశ్వర్ వెళ్ళిపోయింది. ఇద్దరు శాస్త్రవేత్తల్ని కమిటీగా కూర్చోబెట్టుకుని హైమని పిలిపించాడు. నన్నూ పిలిపించాడు.

"ఆ ఊళ్ళో ఉన్నావు, వాళ్ళ తిండి తిన్నావు. వాళ్ళ విత్తనం పైకి రావాలని అంకెలు దిద్దావు. అవునా?" అన్నాడు.

"లేద్సార్. నేను తూసిందే రాసేను సార్. కాటా దగ్గర నేనే కూకున్నాను" అంది హైమ.

ఆయన నావైపు తిరిగాడు. "సుగుణా, ప్రోగ్రాంలో తప్పేమైనా ఉందా?"

చూసి చెబుతాను సార్ అంటే సరిపోయేది. మూడు మాటలు. అనలేదు. లడ్డూలు తిన్న నోరు కదా. "నేను పెట్టిన ప్రోగ్రాం సార్. మిషను తప్పు చెప్పదు" అన్నాను. పైగా కొంచెం నవ్వాను కూడా.

హైమ నావైపు చూసింది. అందులో కోపం ఉందేమో అని ఇన్నేళ్ళూ వెతుక్కుంటూనే ఉన్నాను. కోపం లేదు. తేడా ఎందుకొచ్చిందో వచ్చే శుక్రవారం లోపు తేల్చమన్నారు. తేల్చలేకపోతే దొంగ లెక్కలు రాసిందని ప్రాజెక్టు నుంచి తీసేస్తారు, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. ఆ మచ్చతో ఇంకెక్కడా చేర్చుకోరు.

బొయిపరిగుడ

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది.

"మేడం, ఒక్కపాలి నాతో వచ్చి నా మడులు సూడండి. దాస్ సార్ రానన్నారు. ఒకరైనా సూడాల గదా."

"నానేటి సూస్తానే అమ్మీ? నాకు సోళ్ళకీ గంటెలకీ తేడా తెలీదు."

"తెలీకపోయినా పర్లేదు. ఊరికే నిలబడండి."

ముప్ఫై ఏళ్ళకి పైగా పొలాల అంకెలతోనే బతికాను, ఒక్క పొలమూ చూడలేదు. జాలితోనే వెళ్ళాను. ఏదో ఉపకారం చేస్తున్నట్టు జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. జయపురం దాటాక మంచు విడిపోయి, దూరంగా కొండలు నీలంగా, ఎవరో సగం గీసి వదిలేసినట్టు కనిపించాయి. నాకు నిద్రో, మెలకువో తెలియని స్థితి. ఇంత ఆకాశం కింద ఆ అంకెలు పుట్టాయా, ఇన్నాళ్ళూ వీటినేనా నేను తెర మీద చూసింది అనుకుంటూ ఉన్నాను.

కోతలయిపోయిన చేలో మోళ్ళు, వాటి మధ్య నంబర్లు రాసిన గూటాలు. మడుల యజమాని సుక్రి, అరవై దాటిన, దేశియా భాష మాట్లాడే మనిషి, మమ్మల్ని చూసి చేతిలో పని పక్కన పెట్టి వచ్చింది. హైమ ఒక్కో మడి దగ్గర నిలబడి, నోట్‌బుక్ చూడకుండానే అంకె చెబుతూ నడిచింది. నేను నోట్‌బుక్‌లో చూసుకుంటూ వెనకాల నడిచాను. ఒక్కటీ తప్పు పోలేదు. రెండు మడుల దగ్గర మాత్రం ఆమె ఏమీ చెప్పలేదు. అక్కడ మోళ్ళు కూడా లేవు, వట్టి మట్టి. నోట్‌బుక్‌లో కూడా ఆ రెండు గళ్ళూ తెల్లగా ఉన్నాయి.

"ఇవేటి?" అన్నాను.

సుక్రికి నా తెలుగు అర్థం కాలేదు గానీ వేలు పెట్టి చూపించింది అర్థమయింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "ఛేళి ఖాయిలా" అంది. మేకలు తినేశాయి.

"వెన్ను పట్టకముందే తినీసేయి మేడం," అంది హైమ. "అంచనాగా ఓ అంకె ఏసీయమన్నారు కొందరు. నేను ఏయలేదు. సూడందాన్ని ఎలగ రాస్తాం? కాళీగా వదిలీసేను."

ఖాళీగా.

బుడీ మాండియా మడులు ఆరింట్లో రెండు ఖాళీ. ఖాళీలు ఉండవని మాటిచ్చిన ప్రోగ్రాం నాది. అది ఆ తెల్లటి గళ్ళని చూసి ఏమనుకుని ఉంటుందో ఆ మట్టిలో నిలబడే నాకు తెలిసిపోయింది. వదిలెయ్యాల్సినవాటిని లెక్కలో కలిపేసి, ఏమీ పండని మడులుగా అట్టడుగుకి తోసేసింది. మిగతా రకాల్లో ఖాళీలు లేవు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సుక్రి డొప్పలో చోడి అంబలి పోసి ఇచ్చింది. చల్లగా, పుల్లగా ఉంది. ఒక గుక్క తాగి, డొప్ప అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"బాగోలేదేటి మేడం?" అంది హైమ.

"బాగుందే" అన్నాను. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. ముందు రూఢి చేసుకుందాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్ల ముఖం చూస్తూ నా తప్పని చెప్పడానికి ధైర్యం చాలలేదు, అదీ అసలు సంగతి.

సరే సార్

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, దాటేసిన పరీక్షని మొదలుపెట్టాను. ఆ రోజు కరెంటు పోలేదు. పోతే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. పాస్, పాస్, పాస్ అని వరసలు పైకి పోతున్నాయి. మధ్యాహ్నానికి ఖాళీ విలువల వరస వచ్చింది. ఫెయిల్. దాని కింద ఇంకొకటి, ఫెయిల్. ఎనిమిది నెలలుగా ఆ మాట అక్కడ నా కోసం కూర్చుని ఉంది, నేను పిలవలేదు.

ఆ వేగం సూచన తీసేసి, పక్కన వేరేగా మళ్ళీ కంపైల్ చేశాను. పరీక్ష అంతా పాసయింది. హైమ అంకెలు ఇచ్చాను. బుడీ మాండియా రెండో స్థానంలో వచ్చింది. మొదటిది కాదు, రెండోది. ఆ అమ్మాయి దిద్ది ఉంటే మొదటిదే వచ్చి ఉండేది.

దాస్ బాబుతో చెప్పాను. ఆయన చాలాసేపు టేబుల్ మీద పెన్ను దొర్లించాడు. ఎనిమిది నెలల్లో ఆ ప్రోగ్రాం మీద ఎందరు లెక్కలు చేసుకున్నారో ఇద్దరికీ తెలుసు.

"చూడు సుగుణా. చప్పుడు లేకుండా కొత్తది పెట్టేయ్. హైమ డేటా ఎంట్రీలో పొరపాటు చేసింది, మళ్ళీ ఎక్కించింది, సరైంది అని రాసేద్దాం. చిన్న మందలింపుతో పోతుంది. పీహెచ్‌డీ ఉంటుంది, కేంద్రం పరువూ ఉంటుంది. నీకు రిటైర్మెంట్ ఎంత దూరంలో ఉంది?"

"రెండేళ్ళు సార్."

"మరి?"

"సరే సార్" అని వచ్చేశాను. ఇది రాయకుండా ఉండాలని నాకెంతో ఉంది. కానీ రాయకపోతే ఈ కాగితాలు దండగ. శుక్రవారం దాకా నేను ఆ సరేతోనే తిరిగాను. తిన్నాను, స్నానం చేశాను, కిటికీ దగ్గర కూర్చుని మంచు చూశాను. అన్నీ నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుండేవి. ఆ అమ్మాయి రెండుసార్లు వరండాలో ఎదురుపడింది. రెండుసార్లూ ప్రింటర్‌లో కాగితం అయిపోయినట్టు హడావిడిగా వెళ్ళిపోయాను.

శుక్రవారం

మీటింగు గదిలో హైమ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది. బస్సులో దూరం వెళ్ళేవాళ్ళు కూర్చుంటారే, అలా. దాస్ బాబు తయారు చేసుకొచ్చిన వాక్యం చదవడం మొదలుపెట్టాడు. "డేటా ఎంట్రీలో పొరపాటు" అన్న దగ్గర ఆ అమ్మాయి తల ఊపింది. ఒప్పుకుంటున్నట్టు తల ఊపింది! నేనది చూశాను.

"ఆగండి సార్. తప్పు నాది" అన్నాను.

ఎలా చెప్పానో వరస గుర్తు లేదు. సూచన గురించి, షరతు గురించి, దాటేసిన పరీక్ష గురించి చెప్పాను. ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేశాను, ఎవరూ ఆపలేదు. ఒక శాస్త్రవేత్త అప్పటికే ఆ ప్రోగ్రాం లెక్కలతో ఒక పత్రిక్కి వ్యాసం పంపేశాడు. ఆయన లేచి తలుపు ధడేలున వేసుకుని వెళ్ళిపోయాడు. దాస్ బాబు ఆ తర్వాత రెండేళ్ళూ నాతో పనికి సరిపడా మాత్రమే మాట్లాడాడు. ఆ ఎనిమిది నెలల లెక్కలన్నీ మళ్ళీ నడిపి, ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వెళ్ళి చెప్పాను. రాయగడలో ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి తిట్టాడు. పడ్డాను. తిట్టాల్సిందే కదా.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఎక్కువేం లేదు. పరీక్ష నడపండి, ఎన్నిసార్లు కరెంటు పోయినా నడపండి. ఆ పని యంత్రం చేస్తుంది, కష్టం కాదు. ఎవరైనా మిమ్మల్ని అడిగినప్పుడు, చూసి చెబుతాను అనడమే కష్టం. మన మాట ఎంత దూరం పోతుందో మనకి కనబడదు. నాకు ఆ మధ్యాహ్నం కనబడింది.

ఆ రోజు మీటింగు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. వరండాలో హైమ నా కోసం నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మేడం, ఆ రోజు మిషను తప్పు సెప్పదన్నారు గదా. సూసి అన్నారా, సూడకుండా అన్నారా?"

"సూడకుండానే అన్నానమ్మీ."

ఆమె బ్యాగు జిప్పు తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఇయ్యాల ఇద్దామని రాసుకొచ్చేను. ఇంక నాకొద్దు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కమిటీకి రాసిన కాగితం అది. ప్రాజెక్టు నుంచి తనంతట తానే తప్పుకుంటున్నానని రాసింది. అంకెలన్నీ తూచింది తనేననీ, దిద్దినట్టు తనకి గుర్తు లేదనీ రాసింది. చివర్లో కొట్టివేతలు లేకుండా, గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది: "అయినా మిషను తప్పు చెప్పదని సుగుణ మేడం చెప్పారు. ఆవిడ చూడకుండా చెప్పరు. కాబట్టి నేనే నాకు తెలియకుండా దిద్ది ఉంటాను."